నడుములు సరిచేయించాలా, టేబుళ్లు సరిచేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నేను ఒక ప్యాకింగ్ విభాగంలో సూపర్‌వైజర్‌ని. మాకు సరుకు పాలెట్ల మీద, అంటే నేల మీద పెట్టే చెక్క చట్రాల మీద, పేర్చి వస్తుంది. ఒక్కో పెట్టె 16 కిలోలు. పనివాళ్లు దాన్ని పాలెట్ మీంచి ఎత్తి, పక్కకు తిరిగి ప్యాకింగ్ టేబుల్ మీద పెట్టాలి. నిమిషానికి ఒకటి చొప్పున షిఫ్టంతా ఇదే పని. పక్క గదిలో బిల్లింగ్ చేసేవాళ్లు పొద్దస్తమానం ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుంటారు. పెట్టెలెత్తేవాళ్లకి నడుం నొప్పులు, బిల్లింగ్ వాళ్లకి మెడ నొప్పులు. సెలవు చీటీలు పెరిగిపోతున్నాయి.

ఈ మధ్య నాకూ నడుం పట్టేస్తే ఒక కైరోప్రాక్టర్ దగ్గరికి, అంటే వెన్నుపూసల్ని చేతులతో నొక్కి చికిత్స చేసే ఆయన దగ్గరికి, వెళ్లాను. మూడు విడతలకే హాయిగా అనిపించింది. ఆయన ఎక్స్‌రే తీయించి, "మీ వెన్నుపూసలు పక్కకి జరిగాయి, నెలనెలా సరిచేయించుకోకపోతే అరిగిపోతాయి" అన్నారు. నొప్పి ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ, మా సిబ్బంది అందరికీ నెలకోసారి చేస్తానని, అలా చేస్తే అసలు నొప్పులే రావని ఒక ప్యాకేజీ చెప్పారు. మా యాజమాన్యం ఏదో ఒక్కదానికే డబ్బిస్తానంటోంది. ఆ ప్యాకేజీ అయినా తీసుకోవాలి, టేబుళ్లూ కుర్చీలూ అయినా మార్పించుకోవాలి. నడుం బెల్టులు మాత్రం ఇప్పటికే ఒక డబ్బా నిండా తెప్పించారు. ఏది ఎంచుకోమంటారు?

సమాధానం: టేబుళ్లు. ఇందులో నాకు సందేహం లేదు. కైరోప్రాక్టిక్ మీద నాకు కోపమేమీ లేదండీ. నొప్పి వచ్చిన మనిషికి అది కొంతవరకు పనికొస్తుంది, ఆ సంగతి తర్వాత చెబుతాను. మీరు అడిగింది మాత్రం నొప్పి రాకుండా చూడడం గురించి. మీ ఉత్తరం చదివితే ఆ నొప్పి ఎక్కడ పుడుతోందో తెలిసిపోతోంది. పాలెట్‌కీ టేబుల్‌కీ మధ్య ఉన్న ఆ కాస్త చోటులో పుడుతోంది.

ఊరికే అనడం లేదు, లెక్క వేసి చూపిస్తాను. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధనలు చేసే ప్రభుత్వ సంస్థ ఒకటుంది, నియోష్ అంటారు. బరువులెత్తే పనుల కోసం అది 1981లో ఒక సూత్రం తయారుచేసి, 1990ల మొదట్లో దాన్ని సవరించింది. ఇప్పటికీ ఎన్నో దేశాల్లో ఎర్గోనామిక్స్, అంటే పనిచోటును మనిషి ఒంటికి తగ్గట్టు అమర్చే పని, చేసేవాళ్లు చేతిలో పెట్టుకునేది దాన్నే. సూత్రమనగానే జంకకండి, చిన్నప్పటి గుణకారాలే.

మొదలు 23 కిలోలతో. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, ఆరోగ్యంగా ఉన్న పనివాళ్లలో ఎక్కువమంది ఇబ్బంది లేకుండా ఎత్తగల బరువు అది. అనుకూలంగా లేని ప్రతి విషయానికీ అందులోంచి కొంత కోత పడుతుంది. మీరు రాయని కొలతలు నేను అనుకుంటున్నాను. ఒక టేపు తీసుకెళ్లి మీ అసలు కొలతలు పెట్టుకోండి.

పాలెట్ మీద అవతలి వరసలో ఉన్న పెట్టెను పనివాడు వంగి, చేతులు చాచి అందుకుంటున్నాడు. అతని రెండు చీలమండల మధ్య నుంచి పెట్టెను పట్టుకున్న చేతుల దాకా అడ్డంగా 50 సెంటీమీటర్లు ఉందనుకుందాం. 25 దాకా కోత లేదు. 50 అయ్యేసరికి 23 కాస్తా సగమై 11.5 కిలోలకు దిగిపోయింది. ఇంకా మొదటి మెట్టులోనే ఉన్నాం. ఇక ఎత్తు. చేతులు నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే మంచిది. అడుగు వరసలో పెట్టెకు చేతులు 15 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి కాబట్టి ఇంకో 18 శాతం పోయి 9.4 మిగిలింది. అక్కణ్ణుంచి 90 సెంటీమీటర్ల టేబుల్ దాకా లేపాలి, దానికి 12 శాతం పోతే 8.3. పెట్టేటప్పుడు 45 డిగ్రీలు పక్కకు మెలి తిరుగుతున్నాడు, అందుకు ఇంకో 14 శాతం పోతే 7.1. నిమిషానికొకటి చొప్పున షిఫ్టంతా చేయాలి, అందుకు నాలుగో వంతు పోయింది. చివరికి తేలింది 5.3 కిలోలు.

మీ పెట్టె 16. అంటే మూడింతలు.

ఇప్పుడు మనిషిని అలాగే ఉంచి చుట్టూ ఉన్నది మారుద్దాం. పాలెట్ కింద ఎత్తు పెంచి, పెట్టె 75 సెంటీమీటర్ల దగ్గర చేతికి అందేలా చేశాం. పాలెట్ చుట్టూ తిరగడానికి చోటిచ్చాం కాబట్టి దగ్గరి వైపు నుంచే తీసుకుంటున్నాడు, దూరం 30 సెంటీమీటర్లు. టేబుల్ దాకా లేపాల్సింది 15 సెంటీమీటర్లే. మెలి తిరగడం లేదు, అడుగులు వేసి తిరుగుతున్నాడు. అదే సూత్రం ఇప్పుడు 14.4 కిలోలంటుంది. 5.3 నుంచి 14.4. 16 కిలోల పెట్టెకు ఇంకా కాస్త తక్కువే, నిజమే. ఆ పని రెండు గంటలకు మించి ఏకధాటిగా చేయించకుండా, మధ్యలో ఓ ముప్పావు గంట లేబుళ్లు అతికించడం లాంటి తేలిక పని పెడితే దాదాపు 16.9 దాకా వెళ్తుంది. అప్పుడు మీ పెట్టె హద్దులోకి వచ్చినట్టే. సరఫరాదారుతో మాట్లాడి పెట్టెను 12 కిలోలకు తగ్గించగలిగితే ఈ మార్పిళ్ల తలనొప్పి కూడా ఉండదు.

చేతులు చాచడం ఎందుకంత చేటు చేస్తుందో చెప్పాలి, ఎందుకంటే పనిచోట జనం బరువునే చూస్తారు, దూరాన్ని చూడరు. వెన్నును నిటారుగా పట్టి ఉంచే కండరాలు వెన్నెముకకు ఆనుకుని ఉంటాయి. వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల నడిమధ్య నుంచి వాటి దూరం సుమారు 5 సెంటీమీటర్లు. పెట్టె నడుం నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దాన్ని నిలబెట్టడానికి ఆ కండరాలు పదింతల బలంతో లాగాలి. 16 కిలోల పెట్టెకు 160 కిలోల లాగుడు. ఆ లాగుడంతా కింది డిస్కుల మీద ఒత్తిడిగా పడుతుంది. వంగిన ఒంటి బరువు దీనికి అదనం. నమ్మకం కుదరకపోతే నిండు బకెట్టును ఒంటికి ఆనించి ఒకసారి, చెయ్యి చాచి ఒకసారి పట్టుకుని చూడండి.

ఇక ఏమేం కొనాలి, ఏమేం కొనకపోయినా పర్వాలేదు అన్నది. స్ప్రింగుల మీద పనిచేసే పాలెట్ లిఫ్టులు ఉంటాయి. పైనుంచి పెట్టెలు తీసేకొద్దీ అవే పైకి లేస్తాయి, పైపళ్లెం గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ప్రతి పెట్టే చేతి దగ్గరికి వస్తుంది. ఈ పనికి అంతకు మించింది లేదు. అవి వచ్చేలోపు నిండు పాలెట్ కింద రెండు మూడు ఖాళీ పాలెట్లు పేర్చినా అడుగు వరస బాధ చాలా తగ్గుతుంది. అలా పేర్చినప్పుడు పై వరస భుజాల పైకి పోకుండా చూసుకోండి, లేకపోతే నడుం నొప్పి పోయి భుజం నొప్పి వస్తుంది. పాలెట్‌నీ టేబుల్‌నీ మరీ దగ్గరగా పెట్టకండి. దగ్గరుంటే సుఖం అనుకుంటాం గానీ, దగ్గరుంటేనే మనిషి పాదాలు కదపకుండా నడుం మెలితిప్పుతాడు. రెండడుగుల చోటు వదిలితే కాళ్లు వాటంతటవే కదులుతాయి. ఇంకా వీలైతే లిఫ్టుకూ టేబుల్‌కూ మధ్య రోలర్లు వేయించండి. ఎత్తే పనే ఉండదు, తోస్తే చాలు. ఎర్గోనామిక్స్‌లో నాకు అన్నిటికంటే నచ్చే సలహా ఇదే, బరువు ఎలా ఎత్తాలో నేర్పే ముందు అసలు ఎత్తకుండా కుదురుతుందేమో చూడమనడం.

మోకాళ్లు వంచి ఎత్తమని గోడల మీద బొమ్మలు అంటించడం, ఒక పూట శిక్షణ ఇప్పించడం అన్నిచోట్లా జరిగేదే. ఖర్చు తక్కువ, చేశామన్న తృప్తి ఎక్కువ. కానీ పనిచోట్ల జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు, ఎత్తే పద్ధతి మీద ఇచ్చే శిక్షణ ఒక్కటే నడుం నొప్పుల్ని తగ్గించినట్టు ఆధారం దొరకలేదు. ఎందుకో మీ దగ్గరే చూడొచ్చు. అవతలి వరసలో ఉన్న పెట్టెను మోకాళ్లు వంచి ఎలా అందుకుంటాడు? పాలెట్ అడ్డం వస్తుంది. నిమిషానికో పెట్టె అంటే మధ్యాహ్నానికి తొడలు పట్టేసి, బొమ్మలో ఎలా ఉన్నా నడుమే వంచుతాడు. అతని బద్ధకం కాదది.

ఇప్పుడు కైరోప్రాక్టిక్ సంగతి.

డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో దీన్ని మొదలుపెట్టాడు. అప్పటిదాకా అయస్కాంత చికిత్స చేసేవాడు. తానున్న భవనంలో కాపలా, శుభ్రం చేసే పనిలో ఉన్న హార్వీ లిల్లార్డ్ అనే చెవిటి మనిషి వెన్నుపూసను నొక్కి సరిచేస్తే అతనికి వినికిడి వచ్చిందని పామర్ చెప్పుకున్నాడు. ఆ కథలోంచే, వెన్నుపూసలు స్థానం తప్పడం వల్ల జబ్బులొస్తాయన్న సిద్ధాంతం పుట్టింది. మీకు ఎక్స్‌రే చూపించి చెప్పిన "పక్కకి జరిగాయి" అన్న మాట ఆ సిద్ధాంతానికి మనవడు లాంటిది. ఈ రోజుల్లో శాస్త్రీయంగా ఆలోచించే కైరోప్రాక్టర్లలో చాలామంది ఆ మాటను వదిలేశారు. వెన్నుపూసలు బలమైన స్నాయువులతో, కండరాలతో బిగించి ఉంటాయి. పెద్ద ప్రమాదంలోనో, జబ్బువల్లనో అవి నిజంగా జరిగితే, అప్పుడు చేత్తో నొక్కడం కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లడం చేయాలి.

నొక్కినప్పుడు వచ్చే ఆ టక్కుమనే శబ్దం ఎముక తన చోటికి చేరిన శబ్దం అనుకుంటారు చాలామంది. అలాంటిదేం లేదు. కీలు ఒక్కసారిగా ఎడం కావడంతో లోపలి ద్రవంలో వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడుతుంది. వేళ్లు విరుచుకున్నప్పుడు వచ్చేదీ అదే. 2015లో ఎమ్మారై యంత్రంలో వేలు పెట్టి లాగుతూ తీసిన దృశ్యాల్లో అది స్పష్టంగా కనబడింది. శబ్దం వచ్చినా రాకపోయినా ఉపశమనంలో పెద్ద తేడా ఉండదు.

ఎక్స్‌రే గురించి ఇంకో మాట. నొప్పేమీ లేని మనుషుల్ని స్కాన్ చేసి చూసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో ఒక విశ్లేషణ వచ్చింది. ఇరవై ఏళ్ల వయసులోనే 37 శాతం మందికి డిస్కుల్లో అరుగుదల కనబడింది, ఎనభై ఏళ్లకు 96 శాతం మందికి. వీళ్లెవరికీ నడుం నొప్పి లేదు. అంటే అరుగుదల వయసుతో వచ్చే ముడతల్లాంటి విషయం, చాలామందిలో దానికీ నొప్పికీ లంకె ఉండదు. మీ ఎక్స్‌రేలో ఏదో కనబడిందంటే ఆశ్చర్యమేం లేదు, ఏమీ కనబడకపోతేనే ఆశ్చర్యం. నెలనెలా నొక్కించుకుంటే ఆ అరుగుదల ఆగుతుందనడానికి ఆధారం లేదు.

మరి మీకు హాయిగా అనిపించింది కదా? అనిపించే ఉంటుంది, మీ అనుభవాన్ని నేను కాదనడం లేదు. వెన్నుపూసలపై చేతులతో చేసే చికిత్స నడుం నొప్పికి ఓ మోస్తరుగా పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. వ్యాయామం, ఫిజియోథెరపీ లాంటి ఇతర మంచి చికిత్సలకు దాదాపు సమానంగా ఉంటుంది, వాటిని మించి ఉండదు. అమెరికా వైద్యుల సంఘం ఒకటి 2017లో ఇచ్చిన సూచనల్లో, కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మందుల కంటే ముందు కాపడం, మర్దన వంటి వాటితో పాటు దీన్నీ చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ దీనికి చోటుంది. నడుం బెల్టులు, ట్రాక్షన్ (నడుమును సాగదీసి లాగి ఉంచడం) లాంటివి మాత్రం మామూలుగా వాడొద్దంది. అయితే ఒకటి గుర్తుంచుకోండి, అకస్మాత్తుగా పట్టేసిన నడుం చాలామందికి ఏమీ చేయకపోయినా కొన్ని వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. మీ మూడు విడతల్లో ఆయన చెయ్యి ఎంత, కాలం చెయ్యి ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం.

రావడానికి ముందే ఆపుతుందా అంటే, ఇక్కడే ప్యాకేజీ చెల్లదు. నెలనెలా సరిచేయించుకోవడం గురించి పేరున్న పరీక్ష ఒకటి స్వీడన్‌లో జరిగింది, 2018లో ప్రచురించారు. అందులో 328 మంది ఉన్నారు. వాళ్లు నొప్పి లేనివాళ్లు కారు. మళ్లీ మళ్లీ నడుం నొప్పి వచ్చేవాళ్లు, అందులోనూ కైరోప్రాక్టిక్‌తో తేలికపడినవాళ్లను మాత్రమే ఏరి తీసుకున్నారు. నొప్పి వచ్చినప్పుడు వెళ్లినవాళ్లతో పోలిస్తే, ముందుగానే క్రమంగా వెళ్లినవాళ్లకు ఏడాదిలో బాధపెట్టిన రోజులు సుమారు 13 తగ్గాయి. ఇది తీసిపారేయాల్సిన ఫలితం కాదు, మీ లాంటివాళ్లకు పనికి రావచ్చు కూడా. కానీ దీన్ని పట్టుకుని నొప్పే లేని ప్యాకింగ్ కుర్రవాడిని నెలనెలా బల్ల మీద పడుకోబెట్టమనలేం.

పైగా ఇది పూర్తిగా నిరపాయమైన పని కూడా కాదు. నడుం విషయంలో సాధారణంగా ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పి ఉంటుంది, అంతకు మించి అరుదు. మెడను హఠాత్తుగా తిప్పడం వేరే సంగతి. దానికీ మెడలోని రక్తనాళం లోపలి పొర చిరగడానికీ, తద్వారా వచ్చే పక్షవాతానికీ సంబంధం కనబడుతోందని, అదే కారణమని రుజువు కాకపోయినా రోగికి ఈ సంగతి ముందే చెప్పి చేయాలని అమెరికా హృద్రోగ సంఘం 2014లో ప్రకటించింది. చాలా చాలా అరుదు. అయినా, నొప్పితో బాధపడే మనిషి తెలిసి ఒప్పుకునే ప్రమాదం వేరు, ఏ బాధా లేని మనిషికి కంపెనీ తరఫున తెచ్చిపెట్టే ప్రమాదం వేరు. సూపర్‌వైజర్ పేర్లు రాసుకుంటుంటే ఏ పనివాడు "నాకొద్దు" అంటాడు చెప్పండి?

నాకు ప్యాకేజీ నచ్చకపోవడానికి వైద్యం కాని కారణం కూడా ఒకటుంది. అది ఒప్పుకున్న రోజు నుంచి తప్పు మనిషి మీదికి పోతుంది. నొప్పి వస్తే "నువ్వు ఈ నెల చేయించుకోలేదుగా" అంటారు. పాలెట్ మాత్రం నేల మీదే ఉంటుంది.

పాలెట్లు సరిచేశాక ఇంకా ఏదైనా చేయాలనుకుంటే వ్యాయామం మీద పెట్టండి. నడుం నొప్పి రాకుండా ఆపే పద్ధతుల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి 2016లో ఒక సమీక్ష ప్రచురితమైంది. వ్యాయామంతో పాటు నడుం గురించి సరైన అవగాహన ఇస్తే ఏడాదిలో నొప్పి వచ్చే అవకాశం సుమారు 45 శాతం తగ్గింది, వ్యాయామం ఒక్కటే అయితే 35 శాతం. బెల్టులు, బూట్లలో వేసుకునే మెత్తలు, ఉత్త ఉపన్యాసాలు ఏమీ చేయలేదు. చిక్కేమిటంటే వ్యాయామం మానేస్తే ఫలితం కూడా మానేస్తుంది. వారానికి రెండు మూడు సార్లు, షిఫ్టు సమయంలోనే ఓ ఇరవై నిమిషాలు, నడుం, పిర్రలు, తొడలు, పొట్ట కండరాలకు. పని అయ్యాక ఆగి చేయమంటే ఎవరూ చేయరు, చేయాలని కోరుకోవడమూ న్యాయం కాదు.

బిల్లింగ్ వాళ్ల బాధ ఇంకా తేలిగ్గా తీరుతుంది. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉండడమే అసలు చిక్కు. చేతులకు సరిపోయే ఎత్తులో పెడితే తెర కిందికి పోయి మెడ వంగుతుంది, కళ్లకు సరిపోయేలా లేపితే భుజాలు పైకి లేస్తాయి. కాబట్టి ల్యాప్‌టాప్‌ను ఏదైనా గట్టిదాని మీద లేపి, తెర పై అంచు కళ్ల ఎత్తుకో కాస్త కిందకో, సుమారు చెయ్యంత దూరంలో ఉండేలా పెట్టండి. విడిగా ఒక కీబోర్డు, మౌసు ఇవ్వండి. దగ్గర చూపుకు కళ్లజోడు కింది భాగంలోంచి చూసేవాళ్లు ఉంటే వాళ్ల తెర ఇంకాస్త దించాలి, లేకపోతే గడ్డం పైకెత్తి చూస్తూ మెడ వెనకభాగం పట్టేసుకుంటుంది. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా, భుజాలు వదులుగా, పాదాలు నేలకు ఆనేలా ఉండాలి. కుర్చీ ఎత్తితే పొట్టివాళ్ల కాళ్లు గాల్లో వేలాడతాయి, వాళ్లకి కాళ్ల కింద ఒక పీట ఇవ్వండి. అన్నిటికంటే ఎక్కువ కీడు చేసేది దూరంగా పెట్టిన మౌసు. రోజంతా చెయ్యి చాచి ఉంచితే కుడి భుజం, మెడ కుడి పక్క లాగుతాయి. మీవాళ్లలో కుడివైపు నొప్పి ఎంతమందికో అడిగి చూడండి.

ఖరీదైన కుర్చీ కోసం ఆరాటపడకండి. ఎత్తు మారేది, వీపుకు ఆనేది అయితే చాలు. ఎంత మంచి కుర్చీ అయినా అందులో మూడు గంటలు కదలకుండా కూర్చుంటే నడుం ఊరుకోదు. నిలబడి పనిచేసే బల్లలూ అంతే, రోజంతా కూర్చోవడం బదులు రోజంతా నిలబడితే నొప్పి నడుంలోంచి కాళ్లలోకి దిగుతుంది. అరగంటకోసారి లేవడం, ఫోన్ వస్తే నిలబడి మాట్లాడడం, ప్రింటరు గదికి అవతలి మూల పెట్టడం, ఇవి కుర్చీ కంటే ఎక్కువ పనిచేస్తాయి. ఇదేం కొత్త విషయం కాదులెండి. 18వ శతాబ్దం మొదట్లోనే బెర్నార్డినో రామజ్జీని అనే ఇటలీ వైద్యుడు రాతగాళ్ల జబ్బులకు మూడు కారణాలు చెప్పాడు. ఎప్పుడూ కూర్చునే ఉండడం, చేతిని ఒకే తీరుగా ఆడిస్తూ ఉండడం, లెక్క తప్పకూడదన్న మనసు బిగువు. మూడోదాన్ని ఇప్పటికీ చాలామంది లెక్కలోకి తీసుకోరు. నెలాఖరున బిల్లులు మీద పడ్డప్పుడు మెడ నొప్పులు పెరుగుతున్నాయేమో మీ సెలవు చీటీల్లో తేదీలు చూడండి.

కొందరిని మాత్రం టేబులూ కాదు, కైరోప్రాక్టరూ కాదు, తిన్నగా డాక్టరు దగ్గరికి పంపాలి. నడుం నొప్పితో పాటు మలమూత్రాలు పట్టు తప్పడం లేదా మూత్రం రాకపోవడం, తొడల మధ్య మొద్దుబారడం, కాళ్లు బలహీనపడుతూ పోవడం కనబడితే అది అత్యవసరం, ఆ పూటే వెళ్లాలి. జ్వరంతో వచ్చిన నొప్పి, పడ్డాక వచ్చిన నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్ల నొప్పి, ఎముకలు గుల్లబారినవాళ్ల నొప్పి కూడా ముందు డాక్టరే చూడాలి. మెడలో మునుపెన్నడూ లేనంత నొప్పి హఠాత్తుగా వచ్చి, కళ్లు తిరగడం, చూపు రెండుగా కనబడడం, మాట తడబడడం ఉంటే మెడ మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రుళ్లు తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటే మణికట్టులో నరం నొక్కుకుంటోందేమో చూపించుకోవాలి.

యాజమాన్యాన్ని ఒప్పించేటప్పుడు నా ఉత్తరం చూపించడం కంటే మీ టేపు కొలతలు, పైన చెప్పిన లెక్క చూపించండి. డబ్బంతా ఒకేసారి అడగకండి. ఒక్క ప్యాకింగ్ స్థానాన్ని మార్చండి, మిగతావాటిని అలాగే ఉంచి రెండు మూడు నెలలు చూడండి. మార్చే ముందు అక్కడ పనిచేసేవాళ్లను పిలిచి ఏ పెట్టె దగ్గర నడుం లాగుతోందో చేసి చూపించమనండి. అది నాకంటే, బయటినుంచి వచ్చే ఏ నిపుణుడికంటే వాళ్లకే బాగా తెలుసు. ఎంతమంది, ఎక్కడ నొప్పి అన్నారో, ఎన్ని రోజులు సెలవు పెట్టారో రెండుచోట్లా రాసుకోండి. నొప్పి మొదలైన వారంలోనే చెప్పేలా చూడండి. చెబితే ఓవర్‌టైం పోతుందన్న భయం ఉన్నచోట ఎవరూ చెప్పరు, మంచం ఎక్కాకే తెలుస్తుంది.

కైరోప్రాక్టర్ గారికి తలుపులు మూయనక్కర్లేదు. నొప్పి వచ్చినవాళ్లు ఫిజియోథెరపిస్టు దగ్గరికో ఆయన దగ్గరికో, తమకు నచ్చినచోటికి వెళ్తే ఖర్చు కంపెనీ భరించేలా ఏర్పాటు చేసుకోవచ్చు. అలా ఒప్పుకునే ముందు ఆయనకు చదువు, అనుమతి ఉన్నాయో లేదో చూడండి. ఎన్నిసార్లు రావాలో, దేన్ని చూసి తగ్గిందంటారో, ఎప్పుడు ఆపేస్తారో ముందే చెప్పమనండి. నాలుగైదు సార్లకు మార్పు లేకపోతే ఆపేసి డాక్టరుకు చూపించాలి. నొప్పిలేని మనిషికి ఎక్స్‌రే తీయించడం, మెడ తిప్పడం ఒప్పుకోకండి. మీ సొంత నడుం సంగతి కూడా అంతే. నొప్పి తిరగబెట్టినప్పుడు వెళ్లి తేలికపడితే మంచిదే, కానీ జీవితాంతం వెళ్లకపోతే వెన్ను అరిగిపోతుందన్న భయాన్ని మనసులోంచి తీసేయండి. నడవండి, మామూలుగా వంగండి, పని మానేసి పడుకోకండి.

బెల్టుల సంగతి మిగిలింది. 2000లో నియోష్ వాళ్లు అమెరికాలో 160 దుకాణాల్లో తొమ్మిది వేల మందికి పైగా పనివాళ్లను గమనించి ఫలితాలు ప్రచురించారు. రోజూ బెల్టు పెట్టుకున్నవాళ్లకూ ఎప్పుడూ పెట్టుకోనివాళ్లకూ నడుం నొప్పుల్లో, గాయాల్లో తేడా లేదు. కాబట్టి అందరూ పెట్టుకోవాల్సిందేనని నియమం పెట్టకండి. ఎవరికైనా కట్టుకుంటే ధైర్యంగా ఉందనిపిస్తే కట్టుకోనివ్వండి, కాకపోతే బెల్టు ఉంది కదా అని ఇంకో పెట్టె ఎక్కువ ఎత్తుతున్నారేమో కనిపెట్టి ఉండండి. మిగిలిన డబ్బాను, ఇంకా విప్పకపోతే, తిరిగి పంపించి ఆ సొమ్ము మొదటి పాలెట్ లిఫ్టులో కలపమని అడగండి.